గంజితో వేసిన అతుకు

నా చిన్నప్పుడు, మేము మహారాష్ట్రలోని సోలాపూర్‌లో, నేతవాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో ఉన్న రోజుల్లో, మా మేనమామ పాత బజారు నుంచి ఒక రబ్బరు పడవ కొని తెచ్చాడు. గాలి కొడితే ఉబ్బేది, తీస్తే దుప్పటిలా మడతపడేది. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే మా గల్లీలో అదొక నవ్వులాట అయింది. "ఏంది రా, సోలాపూర్‌కు సముద్రం వస్తుందా?" అని మగ్గాల మీది నుంచే అరిచేవారు. ఊరి బయటి చెరువులో చేపలు పడతానని, నా ఆరేళ్ళ తమ్ముణ్ణి కూడా తీసుకుపోతానని మామ మాటిచ్చాడు. తమ్ముడికి ఈత రాదు. మామకూ అంతంతమాత్రమే.

పడవకు నాలుగు చోట్ల సన్నటి చిల్లులున్నాయి. మామ సైకిల్ పంపుతో గాలి కొట్టి, సబ్బునీళ్ళు పూసి, బుడగలు లేచిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, పంక్చర్ సొల్యూషన్ రాసి, పాత ట్యూబు ముక్కలు అతికించాడు. గాలి నిలుస్తుందో లేదో చూద్దామని ఉబ్బిన పడవను వాకిట్లోనే వదిలి పనికి పోయాడు.

ఆ మధ్యాహ్నం నేను అందులో ఎక్కి కూర్చున్నాను. పక్కింటి అక్క బీడీలు చుట్టేది. ఆమెకు తునికాకు కత్తిరించి ఇవ్వడం నా పని. కత్తెర చేతిలోనే ఉంది. పక్కకు ఒరిగినప్పుడు దాని మొన రబ్బరులో దిగింది. సన్నగా బుస్సుమంది.

ఇంట్లో మగ్గం మీది పడుగు నూలు బిగియడానికి పెట్టే చింతగింజల గంజి ఉంది. మా ఇళ్ళలో ఏది చిరిగినా దానితోనే అతికించేవాళ్ళం. గుడ్డపీలికకు గంజి పట్టించి, పడవ లోపలి వైపు కనబడని చోట ఉన్న ఆ చిల్లు మీద అంటించాను. ఎండకు అది అట్టలా బిగిసింది, చప్పుడు ఆగింది. కత్తెర తిరిగి ఇచ్చేటప్పుడు నా వేళ్ళకు అంటిన గంజిని అక్క చూసింది. కత్తెర తుడిచి చేటలో పెట్టుకుంది.

సాయంత్రం మా అమ్మ ఒక కొత్త టవల్‌ను, గంజి పోవడానికి, నీళ్ళలో నానవేసింది. కాసేపటికి నీళ్ళు తెల్లబడ్డాయి. అది రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం, నా అతుకు కూడా చెరువు నీళ్ళలో ఇలాగే కరిగిపోతుందని తెలిసింది. చెప్పేద్దామని మామ దగ్గరికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ చెప్పకుండానే వెనక్కి వచ్చాను. మామ చేతి దెబ్బ నాకు తెలుసు. తమ్ముడు మాత్రం, పట్టబోయే చేపలకు పేర్లు పెడుతున్నాడు.

మరునాడు పొద్దున చెరువుకు పోవడానికి ఆటో వచ్చి ఆగింది. పడవను మడిచి అందులో పెట్టడానికి మామ గాలి తీయబోతున్నాడు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అక్క ఆకుల చేట పక్కన పెట్టి లేచింది.

"తమ్మీ, జర ఆగు. నాకు మస్తు భయమైతుంది. పోరడ్ని తీస్కపోతున్నవు, నా ముంగట ఇంకోపారి నీళ్ళు పోసి సూడు," అని మామతో అంది.

"నీళ్ళల్ల దిగకముందే మునుగుతున్నవా అక్కా!" అని మామ నవ్వాడు. ఆటోవాడూ నవ్వాడు.

"నవ్వుండ్రి. నా భయం నాది."

ఆ రోజు నల్లా రాదు. ఆమె తన ఇంట్లో మిగిలిన ఒక్క బిందెడు నీళ్ళు తెచ్చి పడవ మీద పోసి, చేత్తో అంతటా రుద్దింది. గుడ్డపీలిక మెత్తబడి జారింది. బుడగలు లేచాయి.

మామ ముఖం మారిపోయింది. ఎవరు చేశారని అడిగాడు. అక్క నా వైపు చూడలేదు. "కత్తెర నాది," అని మాత్రం అంది. ఇక నాకు పడాల్సిన తిట్లు ఆమె పడుతుందని అర్థమై, నేనే చేశానన్నాను. మామ చెయ్యి లేపాడు. అక్క మధ్యలోకి వచ్చింది.

"చెప్పింది గద! చెప్పినంక కొడితె, రేపు ఏమన్న చెప్తదా?"

మామ చెయ్యి దించి, ఆటోను పంపేశాడు. చిల్లు దగ్గరి తడి ఆరనిచ్చి, ట్యూబు ముక్క అతికించి, దాని మీద నా బొటనవేలు పెట్టించాడు. అతుకు పట్టుకునేదాకా తీయొద్దన్నాడు. తరువాతి సెలవు రోజున వాళ్ళు చెరువుకు పోయి, ఒక్క చేప కూడా లేకుండా తిరిగి వచ్చారు. ఆ రోజు వాళ్ళు పోయినప్పటి నుంచి తమ్ముడు ఆటో దిగేదాకా నేను గడప మీదే కూర్చున్నాను. అక్క కూడా బీడీలు చుట్టడం మాని నా పక్కనే కూర్చుంది. ఆమె భయం నటన కాదని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు అక్క చనిపోయి నెల దాటింది. ఆ రోజు ఆమెకు ఎంత తెలుసో నేనెప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఏ పిల్లయినా మాట లేకుండా కూర్చుంటే, ఏం చేశావని నేను అడగను. పక్కన కూర్చుని, నాకు భయంగా ఉందని ముందు నేనే చెబుతాను. చాలాసార్లు పిల్ల నోరు విప్పుతుంది. అది పిల్లల చేత మాట్లాడించే ఎత్తు అని మా వాళ్ళు అనుకుంటారు. నాకు నిజంగానే భయంగా ఉంటుంది.