కోత పండుగ వేలంలో కోల్‌స్లా గిన్నె

ఫ్రిజ్ తలుపు తీయగానే పచ్చి క్యాబేజీ, వెనిగరు, కాస్త తీపి కలిసిన చల్లటి వాసన ముక్కుకి తగిలింది. నిన్న మా మనవరాలు కృప వాళ్ల పిల్లల కోసం కోడి వేపుడు డబ్బా తెప్పించిందట. దాంతోపాటు వచ్చిన చిన్న ప్లాస్టిక్ కప్పుని ఎవరూ ముట్టకపోతే తెచ్చి నా ఫ్రిజ్‌లో పెట్టి పోయింది. వాళ్లింట్లో మిగిలినవన్నీ నా దగ్గరికే చేరతాయి, నేను పారెయ్యనని వాళ్లకి తెలుసు. మూత తీసి చెంచాతో కొంచెం నోట్లో వేసుకున్నాను. కోల్‌స్లా. పేరు ఇంగ్లీషుదే గానీ సన్నగా తరిగిన పచ్చి క్యాబేజీని, క్యారెట్ కోరుని తెల్లటి క్రీములో కలిపితే అదే. కప్పులోది జిగురుగా, చప్పగా ఉంది. అయినా ఆ వాసనకి కంకిపాడు పక్క పల్లెలో మా పాత పెంకుటిల్లు, దాని ముందు అరుగు, అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పదేళ్ల కృప కళ్లముందుకొచ్చాయి.

నా చిన్నతనం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడో తరగతి మధ్యలో పలక అటక ఎక్కించి నన్ను కలుపు తీతకి పంపారు, అక్కడితో అది అయిపోయింది. నేను దగ్గర కూర్చుని, తీరిగ్గా, మొదలు నుంచి చివరిదాకా చూసిన చిన్నతనం కృపదే. తొంభైల చివరి రోజులవి. కోడలు సలోమి కంకిపాడులో బట్టల కొట్టు వాళ్లకి జాకెట్లు కుట్టేది, పొద్దున వెళ్తే దీపాలవేళకి గానీ వచ్చేది కాదు. పిల్ల నా చేతిలోనే పెరిగింది. కాలవకి నీళ్లు వదిలిన రోజున ఊళ్లో పిల్లలంతా గట్టు వెంట నీళ్లతో పాటు పరిగెత్తేవాళ్లు. వానాకాలమంతా పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకుని బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లు. ఎండాకాలం ముంజెలు బొటనవేలితో పొడుచుకు తిని, ఆ కాయలకే పుల్ల గుచ్చి బండి చేసి వీధంతా దొర్లించేవాళ్లు. డిసెంబరు వస్తే వెదురు బద్దలు వంచి, రంగు కాగితాలంటించి, లోపల బల్బు పెట్టి చూరుకి నక్షత్రం కట్టేవాళ్లు. క్రిస్మస్‌కి నేను అరిసెలు వండితే నూనె ఒత్తే చెక్కలకి అంటిన పిండి తనకే ఇమ్మని కృప నా చీర కొంగు పట్టుకుని తిరిగేది. నేనేమో అరిసె విరిగితే ముక్క పెట్టేదాన్ని గానీ, పిల్లల కోసమని విరిచేదాన్ని కాదు. సబ్బు అరిగిపోతే ఆ పలుచటి బిళ్లని కొత్త సబ్బుకి అతికించేదాన్ని, బియ్యం కడిగిన నీళ్లు గేదె కుడితిలోకే వెళ్లాలి, చిక్కుడుకాయ పీచు తీస్తే గింజ కింద పడకూడదు. అలాంటి ఇల్లు మాది.

మా అబ్బాయి దానియేలు బెజవాడలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక రెస్టారెంటు వంటింట్లో పని చేసేవాడు. ఉల్లిపాయలు కోసే పనిలో చేరి, చెయ్యి కుదిరాక సలాడ్ల బల్ల దగ్గరికి మారాడు. పొద్దున్నే బస్సెక్కితే పిల్ల నిద్రపోయాక వచ్చేవాడు. వారంలో ఒక సెలవుండేది, అదీ మంగళవారం, పిల్ల బడికి పోయే రోజు. ఆదివారం మాత్రం అడగడానికే లేదు, ఊరంతా కుటుంబాలతో హోటలుకొచ్చే రోజది. మా సంఘంలో ఆదివారం ఆరాధనకి తండ్రుల భుజాల మీద పిల్లలు వచ్చేవాళ్లు, కృప నా వేలు పట్టుకుని వచ్చేది. దానికి తండ్రి దొరికేది పొద్దున జడ వేసే వేళ ఒక్కటే. వాడే వేసేవాడు, వంకర పాపిడి తీసి. వాడు బస్సెక్కి వెళ్లిపోయాక పిల్ల తన జడ ముందుకు లాక్కుని వాసన చూసుకునేది. క్యాబేజీ, వెనిగరు వాసన. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా వాడి చేతుల నుంచి పోయేది కాదు.

ఒక మంగళవారం బడికి ఏదో సెలవొస్తే వాడు పిల్లని అరుగు మీద కూర్చోబెట్టుకుని కోల్‌స్లా చెయ్యడం నేర్పాడు. క్యాబేజీ నాలుగు చెక్కలు చేసి, మధ్య కాడ తీసేసి, దారాల్లా తరిగి చల్లటి నీళ్లలో వెయ్యాలన్నాడు. తరగడం వాడు చేస్తుంటే అది నోరు తెరుచుకుని చూసింది. కత్తి కనపడదు, చప్పుడొక్కటే వినపడుతుంది. నేను నా పద్ధతిలో సణిగాను.

"పచ్చి ఆకు నమలడానికి బెజవాడ దాకా బస్సు ఛార్జీలు పెట్టుకుని పోతారా జనం? పొయ్యి మీద పెట్టి చిటికెడు పసుపేసి తాలింపు పెట్టు, ఇంటిల్లిపాదీ తింటాం."

"అమ్మా, నువ్వు మాత్రం తాలింపు గరిటె పట్టుకుని ఇటు రామాక," అన్నాడు వాడు నవ్వుతూ.

ఇక కోత పండుగ సంగతి. నూర్పిళ్లయ్యాక, పొలాల్లో మినప మొక్క నాలుగాకులు వేసే వేళకి మా గుళ్లో ఆ పండుగ చేసేవాళ్లం. గింజ నిండిన వడ్ల కంకులు గుమ్మానికి కట్టేవాళ్లు. ఎవరి ఇంట్లో పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్లు. గుమ్మడికాయలు, చెరుకు గడలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, గంపలో గుడ్లు, కొత్త కుండలో మీగడ పెరుగు, ఒక మూల మేకపిల్ల కూడా. ప్రార్థనయ్యాక అవన్నీ గుడి ముందు పందిట్లో వేలం వేసేవాళ్లు. ఒకసారి దేవుడి ముందు పెట్టాక అది పెట్టినవాళ్లది కాదు. నీ కోడి నీకే కావాలన్నా అందరితో పాటు పాడి కొనుక్కోవాల్సిందే. పిల్లలు కోడి కూత, పెద్దల కేకలు కలిసిన ఆ సందడి కోసం ఏడాదంతా ఎదురుచూసేవాళ్లు. ఆ ఏడు పాస్టరు అయ్యగారు సండేస్కూలు పిల్లలు కూడా తమ చేత్తో చేసింది ఏదో ఒకటి తేవాలన్నారు. కృప మరేమీ ఆలోచించలేదు. కోల్‌స్లా తెస్తానంది. అంతటితో ఆగిందా, మా నాన్న వచ్చి నా పక్కన నిలబడి అందరికీ ఎలా చెయ్యాలో చెప్తాడని వీధి వీధికీ చెప్పుకొచ్చింది.

వాడు కూడా మాటిచ్చాడు. "సెలవడిగాను తల్లీ, ఇస్తామన్నారు," అన్నాడు జడ వేస్తూ. ఆ వారమంతా పిల్ల కాళ్లు నేల మీద లేవు.

శనివారం సాయంత్రం మేమిద్దరం పనిలోకి దిగాం. గుడ్డు సొనలో నూనె చుక్క చుక్కగా పోస్తూ గిలకొట్టమని వాడు చెప్పి పోయాడు. పిల్ల తొందర, ధారగా పోసేసింది. అదంతా విరిగి, ఒకవైపు నూనె, ఒకవైపు పచ్చసొన అయి కూర్చుంది. ఏడుపు మొహం పెట్టింది.

"ఏడవమాక. ఉల్లిపాయేసి అట్టు పోస్తాను, రాత్రికి మీ అమ్మకి కూర తప్పింది," అన్నాను. "ఇంక నూనె మాత్రం ఇవ్వను."

"మరి తెల్లగా ఎలాగొస్తది మామ్మా?"

గేదె ఉన్న ఇంట్లో తెలుపుకి కరువా? పెరుగు గుడ్డలో మూటకట్టి చూరుకి వేలాడదీశాను. తెల్లారేసరికి నీరంతా కారి వెన్నముద్దలా అయింది. దాంట్లో రెండు రోజుల మీగడ, పంచదార, మిరియాల పొడి, నిమ్మరసం కలిపాం. రాత్రంతా మంచులో పెట్టిన బిందె నీళ్లలో క్యాబేజీ తరుగు నానబెట్టి, పొద్దున తీసి, ఉప్పు రాసి, చేత్తో గట్టిగా పిండి కలిపింది కృప. దానియేలు తెల్లవారక ముందే బస్సెక్కాడు, ఏదో పెళ్లి విందు ఉందనీ, తరిగే పని అయ్యేదాకా ఉండి పదింటికల్లా వచ్చేస్తాననీ చెప్పి. పిల్ల గిన్నె మీద అరిటాకు కప్పింది. వెళ్లే ముందు నా నోట్లో కొంచెం పెట్టింది. కరకరలాడింది. బాగుందని పైకి అనలేదు గానీ, తాలింపు మాట మళ్లీ ఎత్తలేదు.

ప్రార్థన అయింది, వాడు రాలేదు. వేలం మొదలైంది. పాట పెట్టేది సంఘపెద్ద జకరయ్య గారు. కృప ఆయన పంచె అంచు పట్టుకుని, "తాతగారూ, నాది ఆఖర్న పెట్టండి. మా నాన్న బస్సు దిగుతుంటాడు," అంది. ఆయన సరేనన్నాడు. పామర్రు వైపు నుంచి వచ్చే బస్సు, బెజవాడ నుంచి వచ్చే బస్సు, ఏది హారన్ కొట్టినా అది గేటు వైపు తిరిగేది. గుమ్మడికాయలు పోయాయి, గెలలు పోయాయి, కోళ్లు ఒక్కొక్కటీ పాడినవాళ్ల చంకల్లోకి చేరాయి, మేకపిల్ల మీద అన్నదమ్ములిద్దరు పంతానికి పాడుకుని జనాన్ని నవ్వించారు. బల్ల మీద అరిటాకు కప్పిన గిన్నె ఒక్కటే మిగిలింది.

"కృపమ్మా, ఇంక ఆగలేం తల్లీ," అని జకరయ్య గారు ఆకు తీశారు. "కోల్‌స్లా అంట. పెద్ద హోటళ్లలో పెడతారంట. పాడండి."

ఎవరూ పాడలేదు. ట్రాక్టరు తోలే ఏసుపాదం లేచి గిన్నెలోకి తొంగి చూశాడు. వాడికి ఎవరినీ ఆట పట్టించకుండా పూట గడవదు.

"ఏంటే పిల్లా, గేదె కుడితి గుడికి తెచ్చి, గుడి గిన్నె గేదెకి పెట్టొచ్చావా?"

పందిరంతా నవ్వింది. కృప తల దించలేదు, ఇంకా గేటు వైపే చూస్తోంది. కింది పెదవి మాత్రం పళ్ల కింద ఉంది. నేను ఆడవాళ్ల చాప మీంచి లేచాను. అన్నేళ్లలో వేలంలో నేను నోరు తెరిచిన పాపాన పోలేదు.

"ఇందాక పుంజు ఎంత పలికింది జకరయ్యన్నా?" అన్నాను. "అంతే నా పాట."

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో అబ్బో అన్నారు. ఏసుపాదం ఊరుకున్నాడా?

"అత్తా! మీగడ నీది, క్యాబేజీ నీది, గిన్నె కూడా నీదే. మళ్లీ నువ్వే కొంటావా? సబ్బు బిళ్ల అతికించుకునేదానివి, నీకేమైందే?"

"దేవుడి ముందు పెట్టాక నాదెట్టా అవుద్దిరా? ఇంటికి తీసుకుపోవాలంటే కొనాలి. నా కొడుకింకా తినలేదు."

జకరయ్య గారు మూడుసార్లు అనకుండానే గిన్నె నా చేతిలో పెట్టారు.

దానియేలు పొద్దు వాలాక వచ్చాడు. చొక్కా మీద మరకలు, గోళ్లలో క్యాబేజీ నలుసులు. సలాడ్ల బల్ల దగ్గర పని చేసే రెండో మనిషి రాలేదట, కదలనివ్వలేదట. అవన్నీ గుమ్మంలోనే నాకు చెప్పాడు, పిల్లకి చెప్పలేకపోయాడు. తడిగుడ్డ చుట్టి ఉంచిన గిన్నె తీసి ముందు పెట్టాను. కృప స్తంభానికి ఆనుకుని చూస్తోంది. వాడు చెంచా పెట్టి తిప్పితే కింద నీళ్లు కనపడ్డాయి. ఏళ్ల తరబడి అదే పని చేసే చెయ్యి కదా, నోటికి అలవాటు మాటే వచ్చింది.

"నీరు దిగింది తల్లీ. గట్టిగా పిండలేదా?"

"పిండాను నాన్నా," అంది అది. "పొద్దున కరకరలాడింది. నువ్వొచ్చేసరికి దిగింది."

కోపంగా అనలేదు. అడిగాడు కాబట్టి చెప్పింది. వాడు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. గిన్నెంతా తిన్నాడు, అడుగున మిగిలిన నీళ్లు కూడా ఎత్తి తాగాడు. పిల్ల వెళ్లి గిన్నె కడిగి బోర్లించింది. తర్వాత ఏడు కోత పండక్కి గుమ్మడికాయ తీసుకెళ్లింది. నాన్న వస్తాడని ఎవరికీ చెప్పలేదు. వాడు ఆ ఏడు కూడా సెలవడిగాడు, దొరకలేదు. ఆ పైయేడు దొరికింది. అప్పటికి అది పెద్దపిల్లల వరసలో కూర్చుని, ఎవరు తన పక్కన ఉన్నారో చూసుకునే వయసు దాటేసింది. జడ కూడా తనే వేసుకునేది, పాపిడి తిన్నగా.

ఇప్పుడు మేమంతా బెజవాడలోనే ఉన్నాం, కృప పక్క వీధిలో. ఎవరూ ఎవరికీ దూరం పోలేదు. బెంజ్ సర్కిల్ మీద పైవంతెన వచ్చింది, దాని కింద ఆ రెస్టారెంటు ఎక్కడుండేదో దానియేలే సరిగా చూపించలేడు. పల్లెలో ఇల్లు అమ్మేశాం, మినప చేలల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. గుడికి పాలరాయి వేశారు. కోత పండుగ పేరుకి ఉంది గానీ కోడి కూత లేదు, వేలం పాట లేదు. కవర్లో డబ్బు పెట్టి ఇస్తే మైకులో పేరు చదువుతారు, అంతే. కృప ఆసుపత్రిలో నర్సు, ఆదివారాలు దానికి డ్యూటీ పడుతూనే ఉంటుంది.

దానియేలు భుజం నొప్పితో పని మానేసి చాలా కాలమైంది. ఆదివారం అందరికంటే ముందే తయారై గుడికి పోతాడు, ప్రార్థన అయ్యాక కూడా చాలాసేపు లేవడు. ఇంటికి రారా అంటే, "తొందరేముందమ్మా, ఖాళీయే కదా," అంటాడు. వాడికిప్పుడు వారమంతా ఆదివారమే. ఆ రోజు గిన్నెనైతే కొని వాడి కోసం దాచి ఉంచాను, గేటు వైపు చూస్తూ నిలబడ్డ ఆ పదేళ్ల పిల్లని మాత్రం నేను ఏ వేలంలో పాడి తేగలను?