అత్తంటే కోడలు, కోడలంటే అత్త

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ అనుమానాలక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా పలుకుతుంది. ఇంకొకరు రాసిన ప్రోగ్రాము ఎక్కడ బోర్లాపడుతుందో వెతికి పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. వంకలు పెట్టడానికి కూడా జీతమిస్తారా అని వాళ్ళాయన వేళాకోళం. ఆ వాళ్ళాయన పక్క గదిలోనే కోడ్ రాస్తాడు. అంటే ఆఫీసులో ఆయన వండితే ఈవిడ వంక పెట్టాలి. ఇంట్లో సరిగ్గా దీనికి తలకిందులు.

ఈమధ్య ఆయన వండింది షెల్‌లో, అంటే కంప్యూటర్‌కి కమాండ్లు కొట్టే తెరలో, ఏలియాస్. పొడుగాటి కమాండ్‌కి పొట్టి పేరొకటి పెట్టుకుంటే, అది కొట్టగానే షెల్ దాన్ని విప్పి అసలు కమాండ్ నడపాలి. లైను మొదట్లో ఉంటేనే విప్పాలి, మధ్యలో కనిపిస్తే ముట్టుకోకూడదు. మధ్యాహ్నం కొనేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. చూపించేది ఆయనే. ఎప్పుడూ ఇంకొకరు చూపిస్తుంటే వెనక కుర్చీలో కూర్చునే మనిషి, ఇవాళ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు.

"ఇవాళొక్కరోజు చూసీ చూడనట్టు పోవే," అన్నాడు, ఆవిడ బల్ల మీద కాఫీ పెడుతూ.

"లంచమా?"

"అలాగే అనుకో."

పరీక్షలకి పేర్లు ఆవిడ ఇంటి నుంచే తెచ్చుకుంటుంది. 'మరిది' అని లైను మొదట్లో కొట్టింది, విప్పింది. మధ్యలో కొట్టింది, ముట్టుకోలేదు. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టింది, జోలికి పోలేదు. హమ్మయ్య అనుకుంది. అక్కడితో ఆపొచ్చు, కానీ చెయ్యి ఊరుకుంటేగా! అత్తంటే కోడలని ఒక ఏలియాస్, కోడలంటే అత్తని ఇంకొకటి పెట్టింది. విప్పిన పేరే మళ్ళీ ఎదురైతే షెల్ ఆగిపోయి, అలాంటి కమాండ్ లేదని చెప్పాలి. 'అత్త' అని ఎంటర్ నొక్కింది.

అత్త కోడల్ని అడగమంది, కోడలు అత్తని అడగమంది. షెల్ గిర్రున తిరుగుతూనే ఉంది. లోపలి ఫ్యాన్ రొద పెట్టింది, స్క్రీన్ బిగుసుకుపోయింది.

ఫెయిలని రాస్తే ఇవాళ ఆయన చూపించేదేమీ ఉండదు. రాయకపోతే పాడైన సరుకుని మంచిదని అమ్మినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎంతమంది తప్పులో పట్టుకున్న చెయ్యి, మొగుడి దగ్గరికొచ్చేసరికి రెండుసార్లు రాసి చెరిపింది. మూడోసారి ఫెయిలని రాసి, తనే పక్క గదికి వెళ్ళింది.

"ఏవండీ, తిరుగుతున్నారు."

"ఎవరు?"

"అత్తయ్యా, నేనూ."

ఆయన వచ్చి చూశాడు. నవ్వలేదు. "ఇలా ఎవరు కొడతారే?"

"నేను కొట్టానుగా."

తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాడు. మేనేజరు ఏలియాస్ ఊసెత్తొద్దని, చూపించే పని ఇంకొకరికి అప్పగించాడు. కొనేవాళ్ళు వచ్చారు, టీ తాగారు, వెళ్ళారు. అంతసేపూ ఆయన వెనక కుర్చీలోనే కూర్చున్నాడు. గాజుతలుపు ఇవతల నుంచి అది చూసి ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం ఆయన చొక్కా చేతులు పైకి మడిచి వచ్చాడు. "ఇప్పుడు కొట్టు."

కొట్టింది. అలాంటి కమాండ్ లేదని చెప్పి షెల్ బుద్ధిగా ఆగింది. ఆవిడ పాసని రాయబోయింది.

"ఆగవే, అప్పుడే ఏం తొందర?" కుర్చీ లాక్కుని పక్కనే చతికిలబడ్డాడు. "మీ ఇద్దరితో ఏం తేలుతుంది? మా అక్కని కూడా దింపు. ఆవిడ మధ్యలో దూరినా ఆగితేనే పాసు."

ఆవిడ పకపకా నవ్వి, 'ఆడపడుచు' అని కొట్టడం మొదలుపెట్టింది.