బాన్సువాడ బస్టాండులో విన్న ఏడుపు

ఎనభైల్లో ఒకసారి పనిమీద హైదరాబాదు నుంచి బాన్సువాడ వెళ్తుంటే, బస్సులో నా పక్కన నలభై ఏళ్ల మనిషి కూర్చున్నాడు. కుడికాలు వంగక ముందుకు చాపుకున్నాడు. ఆయన ఒకప్పుడు రోడ్డు సైకిల్ పందేల్లో జాతీయ చాంపియనని మాటల్లో తెలిసింది. తండా నుంచి బడికి సైకిల్ తొక్కుతూ అబ్బిన వేగమట. పిట్లం రోడ్డు మీద ప్రాక్టీసు చేస్తుంటే లారీ గుద్దింది. పందేలు అక్కడితో సరి.

"పట్నంల పెద్ద దవాఖానకు పోయొస్తున్న సార్. గీ కాలు ఇగ వంగదన్నరు. మళ్ల సైకిలెక్కుతనని ఇన్నేండ్లు మా అవ్వకు చెప్పుకుంటొచ్చిన," అన్నాడు.

బాన్సువాడలో దిగగానే, అద్దాల రవిక తొడుక్కున్న ముసలమ్మ ఎదురొచ్చి ఆయన్ని వాటేసుకుని రాగం తీసి ఏడవసాగింది. నేను కంగారుపడి, "ఎవరికేమైంది?" అన్నాను.

"ఎవ్వలకేం గాలే సార్, మా అవ్వ. మా తండాల ఆడోళ్లు గిట్ల పాట లెక్క ఏడ్సుకుంటనే పలకరిస్తరు. నేను మెడల్ తెచ్చిన నాడు సుత గిట్లనే ఏడ్సింది."

"ఇప్పుడేమంటోంది?"

"నా కొడుకు కాళ్లు మళ్ల గాలి లెక్క ఉరుకుతయంటుంది."

ఆమె పాట ఆపి, ఆయన కుడికాలు తడిమి, ముఖంలోకి చూస్తూ తమ భాషలో ఏదో అడిగింది. ఆయన జవాబు చెప్పబోయి, అందరి ముందూ బావురుమన్నాడు.

ఆమె మరి పాడలేదు.