పిడుగుకు ముందు నిమిషాలు

నాకు పిడుగంటే భయం. పిడుగుల మీద పనిచేసినందుకే పతకం ఇచ్చారు కాబట్టి ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు.

మాది దర్శి దగ్గర మిరప పండించే కుటుంబం. నాకు పదేళ్లప్పుడు, ఒక వేసవి మధ్యాహ్నం, కల్లంలో కాయలు ఆరబోసి ఉండగా పడమట మబ్బు పట్టింది. చినుకు ఇంకా పడలేదు. కాయల మీద కప్పడానికి తుమ్మచెట్టు కింద పెట్టిన చాపలు తెస్తానని మా మేనత్త అటు పరుగెత్తింది. కళ్లు చెదిరే వెలుగు, వెంటనే నేల అదిరిన చప్పుడు. తేరుకుని చూసేసరికి అత్త చెట్టు మొదట్లో పడి ఉంది. నాన్న వెళ్లి కుదిపి చూశాడు. లేవలేదు.

అప్పట్నుంచీ ఉరుము వినబడితే మంచం కింద దూరేదాన్ని.

"వాన రాకుండానే పిడుగెట్లా పడింది నాన్నా?" అని ఎన్నిసార్లడిగానో.

"నాకేం తెలుసమ్మా," అనేవాడు. మబ్బు పడితే ఆయనా గడప దాటేవాడు కాదు.

గుంటూరు కాలేజీలో ఫిజిక్సు తీసుకుంది ఆ ప్రశ్న కోసమే. ల్యాబులో రెండు ఇత్తడి గుండ్ల మధ్య నిప్పురవ్వ ఎగిరిన రోజు తలుపు దాకా పరుగెత్తాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "భయపడితే పడమ్మా. కొలత మాత్రం తప్పు రాయకు," అన్నారు.

పరిశోధనలో చేరాక, మబ్బు కింద గాలిలో విద్యుత్తు ఎలా పెరుగుతుందో కొలిచే పని నాకొచ్చింది. వినుకొండ దగ్గర ఒక బడి మేడ మీద తీగ కట్టి, కింది గదిలో యంత్రం పెట్టాను. అందులో కాగితం చుట్ట తిరుగుతుంటే పెన్ను గీత గీస్తుంది. మెరిసినప్పుడల్లా గడియారం చూసి పక్కన టైము వేయాలి. ఒంటరిగా ఉండనివ్వనని నాన్న తోడొచ్చాడు.

మొదటి గాలివాన రోజు, తీగ గదిలోకి దిగిన చోటు నా భుజానికి మూరెడు దూరంలో ఉంది. ఒళ్లంతా చెమట. పెన్ను పైకి ఎగబాకుతోంది.

"అమ్మాయ్, లేచిరా. రేపు రాసుకోవచ్చు," అన్నాడు నాన్న గుమ్మంలోంచి.

"రేపు ఈ మబ్బుండదు నాన్నా."

ఎదుటి కొండ మీద పిడుగు పడింది. గది తెల్లబడింది. నేను కదల్లేదు, గడియారం చూసి టైము వేశాను. మర్నాడు చూస్తే నేను వేసిన అంకెల్లో ఒక్కటీ చదవడానికి రాలేదు. చెయ్యి అంత వణికింది. ఆ కాగితమంతా పనికిరాదు, మళ్లీ కూర్చోవాలి. అది తలుచుకుంటే పిడుగుకన్నా ఎక్కువ భయమేసింది.

"గడియారం నేను చూస్తా. అంకెలు నాకొచ్చుగా," అన్నాడు నాన్న.

రెండు వేసవులు అలాగే కూర్చున్నాం. దగ్గర్లో ఉరిమితే ఆయన కళ్లు గట్టిగా మూసుకునేవాడు, మళ్లీ తెరిచి టైము వేసేవాడు. ఆ కాగితాల్లోనే తేలింది: చినుకు పడడానికి చాలా నిమిషాల ముందే, వానకు ఎంతో దూరంలో ఉన్న నేల మీద కూడా, పిడుగు పడేంత విద్యుత్తు చేరుతుంది. అత్త చాపల కోసం పరుగెత్తింది ఆ నిమిషాల్లోనే. నాన్నకు ఈ సంగతి చెబితే ఆ కాగితం తీసుకుని, గీత వెంట వేలు పెట్టి చివరిదాకా చూశాడు.

పతకం ఇచ్చిన సభలో ఒక పెద్దమనిషి ధైర్యసాహసాల గురించి మాట్లాడాడు.

"ఎవర్ని గురించమ్మా చెబుతున్నాడు?" నాన్న నా చెవిలో అడిగాడు.

"మన గురించే."

"పాపం, ఆయనకెవరూ చెప్పలేదనుకుంటా," అన్నాడు.

సభ అయ్యేసరికి బయట మబ్బు కమ్మింది. అందరూ వెళ్లిపోయారు. మబ్బు తేలిపోయేదాకా మేమిద్దరం హాల్లోనే కూర్చున్నాం.