మంచినీళ్లు తాగిన బాటరీ

మా చెల్లెలు సుశీలకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలుకాకముందే కుదుపుల్లేకుండా నెల్లూరు తీసుకురమ్మనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వాళ్లది గూడూరు అవతల కోట దాటి సముద్రపొడ్డున ఉన్న ఊరు. ఆ ఇసుకదారిలోకి టాక్సీలు రావు. బావకు పాత కారుంది గానీ బాటరీ చచ్చింది. హాండిల్ తిప్పి తిప్పి చేతులు పడిపోయాయే తప్ప ఇంజను పలకలేదు. అందుకని కొత్త బాటరీతో నేను బయలుదేరాను.

నెల్లూరులో గూడూరు బస్సు ఆరింటికి. దుకాణం అతను ముందురోజే ఆసిడ్ నింపి, ఛార్జి చేసి ఉంచాడు. "వాల్చబాకండి సార్. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకోటి పొయ్యబాకండి. అట్టా చూసుకుంటే మూడేళ్లకు ఢోకా లేదు. పాతది ఏడాదికే పోయిందంటే ఏం పోసినారో అడగండి," అన్నాడు.

కండక్టరు దాన్ని బస్సు పైకెక్కించమన్నాడు. బతిమాలి, లగేజీ టికెట్టు తీసుకుని, కాళ్ల మధ్య పెట్టుకున్నాను. పక్కన ఒక నిమ్మకాయల వ్యాపారి.

"అది పేలుద్దా అయ్యా?"

"పేలదు."

అయినా ఆయన గూడూరు దాకా కాళ్లు సీటుమీదికి ముడుచుకునే కూర్చున్నాడు. మనుబోలు దగ్గర ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. మూతల్లోంచి నాలుగు చుక్కలు చింది నా పంచెకు చిల్లులు పడ్డాయి. పంచె పోతే పోయింది, బాటరీ వాలలేదు కదా అనుకున్నాను. గూడూరులో నిలబడే ఇడ్లీ తిన్నాను. కోట బస్సు గంట ఆలస్యం. ఈపాటికి నొప్పులు మొదలై ఉంటాయేమోనన్న భయం నన్ను కుదురుగా నిలబడనీయలేదు.

కోట నుంచి ఎడ్లబండి. ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బావ బాటరీ బిగిస్తుండగా వాళ్లమ్మ, మా అత్తమ్మ, చెంబుతో నీళ్లు తెచ్చింది. నాకే అనుకున్నాను. ఆమె బాటరీ మూత విప్పబోయింది.

"ఏం చేస్తున్నావు అత్తమ్మా?"

"ఎండలో పడి వచ్చింది గదా నాయనా, దానికి రోన్ని నీళ్లు పోద్దామని. పాతదానికీ వారంవారం నేనే పోసినా. బావి నీళ్లు గాదు, తాగే నీళ్లే."

ఆ ఊళ్లో బావులన్నీ ఉప్పు. తాగే నీళ్లు తెల్లవారకముందే వెళ్లి ఇసుకలో చెలమ తవ్వి, గిద్దెడు గిద్దెడు తోడి బిందెతో తేవాలి. చుట్టానికి కూడా చూసి పోసే నీళ్లవి.

"వాటిలోనూ ఉప్పుంటుంది. ఆ నీళ్లతోనే పాతది పోయింది," అని అరిచాను. ఆమె చెంబు కింద పెట్టేసింది.

అప్పుడే లోపలినుంచి సుశీల మూలుగు వినిపించింది. నొప్పులు మొదలయ్యాయి. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. వెనకసీట్లో చెల్లెలి తల అత్తమ్మ ఒళ్లో. గూడూరు రైలుగేటు దగ్గర బావ అలవాటుకొద్దీ ఇంజను ఆపేశాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. గేటు తీశాక తాళం తిప్పితే పలికింది. నెల్లూరు దాకా అత్తమ్మ కొంగుతో చెల్లెలి నుదురు తుడుస్తూనే ఉంది.

ఆపరేషను చేశారు. పొద్దుగూకే వేళకు నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పింది.

"తల్లి?" అంది అత్తమ్మ.

"బాగుంది."

అప్పుడు గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. పాత బాటరీ తన నీళ్లవల్లే పోయిందని నేను అరిచిన అరుపు ఆమె దారంతా మోసిందని నాకప్పుడు తెలిసింది.

మూడోనాడు బట్టలు తేవడానికి ఆమె, నేను బస్సులో ఊరికి తిరిగివెళ్లాం. దారిలో దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ సీసా కొన్నాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"ఇవి యే బావిలోవి నాయనా?"

"బావివి కావు. ఆవిరి పట్టి చల్లార్చినవి. ఉప్పు బొత్తిగా ఉండదు."

ఆ తీరానికి చాలాసార్లు వెళ్లాను. ఊరి చుట్టూ అంత నీరుండి గుక్కెడు నీటికి అంత కరువని ఈ ప్రయాణంలోనే తెలిసింది. మనుబోలు దాటాక ఆమె సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"కారుకే మా నీళ్లు పడలేదే. వచ్చే నెల పసిబిడ్డ ఇంటికి వస్తాది. దానికేం తాపేది నాయనా?"

గూడూరు వచ్చింది. ఆమె సీసాను కొంగులో చుట్టుకుని దిగింది.