ఏసుపాదం అరచేతులు

అంబత్తూరు నుంచి వచ్చే లోకల్ రైల్లో ఏసుపాదం రోజూ తన రెండు అరచేతుల మీదా తానే కూర్చుంటాడు. వారమంతా ఫిట్టరు, ఆదివారం చిన్న తెలుగు చర్చిలో ఉపదేశకుడు. యాభై దాటాక, మనశ్శాస్త్రమూ పరిచర్యా కలిపి చెప్పే క్రైస్తవ డిగ్రీలో చేరాడు. ఎవరి కళ్లు చెమ్మగిల్లినా తలమీద చెయ్యేసి ప్రార్థన ఎత్తుకోవడం ఆయన అలవాటు. "అంకుల్, మీ ప్రార్థన వాళ్ల నోటికి మూత. ముందు విని చూడండి" అంది పాఠం చెప్పే జనని. అందుకే రైల్లో ఈ సాధన. మౌనం పట్టిన సాధువుల్ని ఎన్నో ఊళ్లలో చూశాను గాని, మౌనానికి ఇంతగా చెమటలు పట్టిన మనిషిని చూడలేదు.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక సలోమమ్మ ఎప్పటిలాగే తలనొప్పికి ప్రార్థన అడిగింది. ఏసుపాదం చేతులు తొడల కింద పెట్టుకుని ఊరుకున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది. "ఏందయ్యగారూ, పలకరు? నాకింక ప్రార్థన కూడా పనిచెయ్యదా?" నాలుక చివరిదాకా వచ్చిన 'పరలోకపు తండ్రీ'ని ఆయన మింగేశాడు. చాలాసేపటికి ఆమే అంది: "నొప్పి తలలో కాదయ్యగారూ. రైలు కూత వింటే దాని కిందికి పోదామా అనిపిస్తా ఉండాది. ఈడ ఎవురికీ చెప్పలా."

ఎన్ని ఆదివారాలు తలనొప్పికే ప్రార్థించాడో తలుచుకుంటూనే ఏసుపాదం లేచాడు. ఆమె చెల్లెలికి ఫోను చేసి, చెల్లెలింటికే తీసుకుపోదామని ఆటో ఎక్కించి, తానూ పక్కన చేతుల మీదే కూర్చున్నాడు. దారిలో రైల్వే గేటు వేసి ఉంది. కూత వినగానే దిగి, ఆటోలో ఆమె కూర్చున్న వైపుకు అడ్డంగా, తిమ్మిరెక్కిన చేతులు రెండూ చాచి నిలబడ్డాడు. అప్పుడు మొదలెట్టాడు ప్రార్థన, కళ్లు మూసుకోకుండా.