గ.సా.భా. ఆరు... ఇళ్ళు పన్నెండు

మా చిన్నప్పుడు... తుఫాను వెళ్ళిన మర్నాడు, ఉయ్యూరు అవతల మా కాలవగట్టు పేటకి కప్పుల మీద వేసుకోమని రెండు బరకం చుట్టలు పంపారు. ఒకటి పద్దెనిమిది గజాలు, ఇంకోటి ఇరవైనాలుగు. పేటలో పన్నెండిళ్ళు. ఒక్క ఇంటి మీదా తాటాకు మిగల్లేదు. ఆకాశం చూస్తే మళ్ళీ మూసుకొస్తోంది...

మా లెక్కల మాస్టారు సైకిలు దిగి, అలవాటు కొద్దీ పిల్లల్నే అడిగేశారు. "రెండు చుట్టల్నీ సమానమైన ముక్కలు చెయ్యాలి. ముక్క వీలైనంత పెద్దదవ్వాలి, అంగుళం కూడా వృథా కాకూడదు. ఎన్ని గజాలకి కొయ్యాలిరా?"

"గసాభా ఆరండీ!" అని అరిచాం.

"ఎవర్రా ఆ గసా భాయ్? మావాళ్ళేనా?" అంది పక్కింటి మస్తాన్‌బీ మామ్మ. ఆ బురదలోనే పడీపడీ నవ్వాం.

పంచాయతీ మెంబరు నవ్వలేదు. "ఆరేసి గజాలంటే ఏడు ముక్కలు. రోడ్డు వైపు ఏడిళ్ళకీ ఇచ్చేద్దాం" అన్నాడు. ఆ ఏడిళ్ళూ ఎవరివో చెప్పాలా?

మాస్టారు కంగారుగా అడ్డొచ్చారు. "అయ్యో, ఆరు పుస్తకంలో లెక్కకండీ! మూడేసి కోయించండి. పద్నాలుగొస్తాయి, అందరికీ సరిపోతాయి."

"ముక్క పెద్దదవ్వాలని మీరేగా చెప్పారు మాస్టారూ! మూడు గజాలు ఏ మూలకొస్తాయి?"

"పొయ్యి మీదికొస్తాయండీ" అంది మా అమ్మ. ఎవరూ ఆమె వైపు తిరగలేదు. కత్తెర ఆరు దగ్గరే పడింది...

సాయంత్రానికి వాన దంచింది. కాలవ వైపు ఐదిళ్ళలో మాదొకటి, మామ్మదొకటి. పొయ్యిలో నీళ్ళు. తడిసిన దుప్పటి కింద మమ్మల్ని పొదువుకుని మామ్మ అంది... "మీ గసా భాయ్ మనింటికి రాలేదర్రా."

ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

గరిష్ఠ సామాన్య భాజకం! మాట నడిమధ్యన సామాన్యం ఉంది కదా, పంచేవాడి కంటికి గరిష్ఠం ఒక్కటే ఎందుకు ఆనుతుంది? లెక్కలకి రాజకీయం లేదని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండి మాత్రం ఏం చేశాను... ఆ రోజు మాస్టారు ఏం చేయగలిగారు?

తర్వాత క్లాసులో ఈ లెక్క వచ్చినప్పుడల్లా "ముందు ఎంతమందికో అడగండిరా" అనేవారాయన, గొంతు తగ్గించి. మొన్న మా అమ్మాయి పుస్తకం తిరగేశాను. రంగుల బొమ్మలొచ్చాయి, కాగితం నున్నబడింది... ఆ ప్రశ్న మాత్రం ఇంకా రాలేదు.

మీ పేటలో ముక్కలు ఎవరు కోసేవారండీ? మీ ఇంటిదాకా వచ్చేవా?